మా బామ్మర్ది వెతికిన డ్రైవర్

మా బామ్మర్ది పోయాడు. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తులు చాలాకాలంగా మొరాయిస్తున్నాయి, ఇవాళో రేపో అని అందరికీ తెలుసు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. నాకంటే చిన్నవాడి పాడె ఈ వయసులో మోస్తే భుజం కాదు నొచ్చేది.

నేను లారీ నడిపి బతికిన మనిషిని. ఊళ్ల పేర్లు చదువుకునేంత అక్షరజ్ఞానం ఉంది, అంతే. రాసింది మొరటుగా ఉంటే ఉండనివ్వండి. చదువుకున్నోళ్లు రాస్తే వాణ్ణి పొగుడుతారు. పొగిడితే వాడికి ఒళ్లు మండేది.

హనుమకొండలో ఒక సందులో వాడికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. చాయ్ తెప్పించుకుని మరిచిపోయేవాడు. చల్లారాక ఒక్క గుక్కలో తాగి మొహం చిట్లించేవాడు. ఎవరు ఏ మిషన్ తెచ్చినా దాని మీద చెయ్యి వేసి, "ఏమైంది బిడ్డా నీకు?" అని దాన్నే అడిగేవాడు, తెచ్చిన మనిషిని కాదు.

నా కూతురికి చిన్నప్పుడే చూపు పోయింది. హసన్‌పర్తిలో మా ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులు ఫోన్‌లో విని కంప్యూటర్‌లో ఎక్కిస్తుంది. తెర మీద ఉన్నదంతా ఆ మిషన్ పైకి చదివి వినిపిస్తుంది. దాని గొంతు పోతే ఆమె ఉద్యోగం పోయినట్టే. పోయిన వానాకాలం పిడుగుకు లోపలి మదర్‌బోర్డు కాలిపోయింది. సోమవారానికి పనిలోకి రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని ఆఫీసువాళ్లు చెప్పేశారు.

మిషన్ దుకాణానికి తీసుకుపోయి, వాడు ఎక్కడో పాత బోర్డు వెతికి బిగించాడు. ఆదివారం మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"బావా, బోర్డయితే ఎక్కింది గని డ్రైవర్ దొరుకుతలేదు."

"నేనుండంగ డ్రైవర్ దొరకకపోవుడేందిరా? ఆడనే ఉండు, అస్తున్న."

మిషన్ పంపడానికి ఏదో బండి మాట్లాడాడనుకున్నాను. ఖాకీ చొక్కా తొడుక్కుని ఆటో ఎక్కిపోయి, "ఏదిరా బండి? తాళం ఇయ్యి" అన్నాను. దుకాణంలో ఉన్నోళ్లంతా నవ్వారు. వాడు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

"బండి నడిపే డ్రైవర్ గాదు బావా. బోర్డుల సౌండు చిప్పు ఉంటది. దాన్ని నడిపే ప్రోగ్రామును గూడ డ్రైవరే అంటరు. అది లేకుంటె మిషన్ మూగది."

"మరి డ్రైవరని పేరెందుకు పెట్టిండ్రు?"

"నీ అసొంటోళ్లను ఉరికిచ్చెటందుకు."

కోపమొచ్చినా ఇంటికి పోలేదు, స్టూలు మీద కూర్చున్నాను. నెట్‌లో డ్రైవర్లకు కొదవ లేదు. అదే కంపెనీ, అదే పేరు. ఎక్కిస్తే మాట రాదు. ఒకటి ఎక్కిస్తే తెర కూడా నల్లబడింది.

"గిన్ని ఉన్నయి గద, ఏదో ఒకటి ఎక్కియ్" అన్నాను.

"లైసెన్సు ఉన్నదని నీ లారీ ఎవనికన్న ఇచ్చినవా? దాని గేరు ఎట్ల పడ్తదో ఎరిగినోనికే ఇస్తివి. పేరు కలిస్తె కాదు బావా, పొత్తు కలవాలె."

ఈ మాట వాడు పెళ్లి సంబంధాలకు కూడా చెప్పేవాడు.

మళ్లీ పెట్టె విప్పాడు. బోర్డు మీద దుమ్ము బ్రష్షుతో దులిపి టార్చి వేశాడు. పేరు పక్కన సన్నగా ఇంకో అంకె అచ్చై ఉంది. అదే పేరుతో కంపెనీవాళ్లు తర్వాత చేసిన బోర్డట, చిప్పు వేరట. ఆ అంకె పట్టుకుని కంపెనీ పాత పేజీలన్నీ వెతికాడు. పొద్దుగూకే వేళకు ఒకటి దొరికింది. ఎక్కించాడు. మిషన్ మాట్లాడింది.

వాడు వెంటనే ఇంటికి ఫోన్ కలిపి, స్పీకరు దగ్గర పెట్టాడు. "ఇను బిడ్డా."

నా కూతురు ఆ గొంతు వింది. తర్వాత, "మామా, తిన్నవా?" అంది.

వాడికి దగ్గు ఆగలేదు. చేత్తో సైగ చేస్తే, తిన్నాడని నేను చెప్పాను. తినలేదు.

దవాఖానలో చేరేముందు వాడు ఆమెకు ఒకటే చెప్పాడు: "కొత్తది ఎక్కియ్యాల్నా అని మిషన్ అడుగుతది. నన్ను అడుగంది ఊ అనకు. ఉన్న డ్రైవర్‌ను దించి ఇంకోన్ని ఎక్కిస్తది."

ఇప్పుడది రోజూ పొద్దున అడుగుతోంది. "ఎన్నొద్దులు ఆపుతవు బిడ్డా?" అని నేను అడుగుతాను. మిషన్ అడిగే ఆ ప్రశ్నను మధ్యలోనే ఆపే మీట ఉందట, ఆపదు. చివరిదాకా వింటుంది. 'తర్వాత' అనే మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా కాసేపు అలాగే కూర్చుంటుంది.