పండగకు ముందు పెట్టిన మామిడికాయ

మా బడి పంతులుగారు చలిజ్వరం తగిలి కొండ కింద వాళ్ల ఊరికి వెళ్లి, అక్కడే పోయారని అరకు సంతకు ఉప్పు మోసుకొచ్చినవాళ్లు చెప్పారు. ఉప్పు కొనకుండానే ఇంటికొచ్చేశాను. మీసాలు వచ్చాక చిన్నపిల్లల సరసన కూర్చుని ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాణ్ణి నేను. ఆ అక్షరాలతోనే ఆయన చావు గురించి రాయాల్సి వచ్చింది.

ఆయన బెత్తం పట్టలేదు. అప్పట్లో ఘాటు రోడ్డు పనికి మా మగవాళ్లను వెట్టికి పట్టుకుపోయి కొరడాలతో బాదేవారు. "ఈ పిల్లల తండ్రుల వీపులు చూశానయ్యా. ఇంక బెత్తం ఎలా పట్టమంటావు?" అన్నారు ఒకసారి నాతో. అల్లరి చేసినవాణ్ణి వదిలేసి, మంచి చేసినవాణ్ణి వెతికి పట్టుకునేవారు. బడి వదిలేముందు ఎవరేం మంచి చేశారో అందరి ముందూ పేరు పెట్టి చెప్పేవారు. తమ పేరు వినబడాలని మా పిల్లలు తన్నుకోవడం మానేసి ఒకరి ముక్కు ఒకరు తుడిచేవారు. మాలో మంచిని చూసిన మొదటి బయటి మనిషి ఆయనే.

ఆయన వచ్చిన మొదటి ఎండాకాలం, నా చెల్లెలు తన చోడి అంబలి సగం ఆకలితో వచ్చిన ఇంకో పిల్లకు పోసింది. పంతులుగారు పొంగిపోయి, దారిలో దొరికిన లేత మామిడికాయ కోసి, ఉప్పద్ది అందరి ముందూ దాని చేతిలో పెట్టారు. ఏటా మామిడికి కొత్త పండగ చేసి, తొలికాయ దేవతకు పెట్టనిదే మేం మామిడికాయ నోట పెట్టం. మైదానం నుంచి వచ్చిన మనిషికి ఆ సంగతి తెలియదు. పెద్దలు పెట్టింది కాదనకూడదని చెల్లెలు తినేసింది. మర్నాడే దానికి జ్వరం తగిలింది. దేవత కోపించిందని ఇక బడికి ఒక్క పిల్లా వెళ్లలేదు.

పంతులుగారు మా గుమ్మం ముందుకొచ్చి నేలమీద కూర్చున్నారు. "తప్పు నాది. పిల్లది కాదు" అన్నారు. ఊరిపెద్ద అడిగిన కోడిని దేవత దగ్గర ఇచ్చుకున్నారు. చెల్లెలి జ్వరం తగ్గింది, మిగతా పిల్లలు మళ్లీ బడికి వెళ్లారు. మా అయ్య మాత్రం కూతురి మాటెత్తగానే మొహం తిప్పుకున్నాడు.

"నా గుంటని పంపను. ఏటి సేత్తావో సేసుకో" అన్నాడు.

అప్పట్నుంచి సాయంత్రాలు ఆయన మా దడి అవతల వచ్చి నిలబడేవారు. "ఈవేళ మీ అమ్మాయి పక్కింటి ముసలమ్మకు కట్టెలు మోసిపెట్టింది. నేను చూశాను. మంచి పిల్ల" అని గట్టిగా చెప్పి వెళ్లిపోయేవారు. వానలో కూడా వచ్చేవారు. ఆయన్ని లోపలికి పిలవమని నేను పోట్లాడినా అయ్య వినలేదు. చెల్లెలు దడి సందులోంచి వినేది.

ఇప్పుడు ఊళ్లో ఆనాటి మామిడికాయే పంతుల్ని తీసుకుపోయిందంటున్నారు. వింటే నాకు ఒళ్లు మండుతోంది. ఈ కొండల్లో చలిజ్వరం ఎవర్ని వదిలింది గనక? కానీ ఆ మాట చెల్లెలి చెవిన పడింది. రాత్రి ముద్ద ముట్టలేదు.

"అయ్యా, పంతులు నా మూలానే సచ్చిపోనాడా?" అని అడిగింది.

అయ్య పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "కాదు గుంటా. నీ తప్పేటీ లేదు. రేపు బేగి లెగిసి బడికెల్లు" అన్నాడు.

"పంతులు లేడు కదయ్యా."



తెల్లారి వెళ్లి చూస్తే, చెల్లెలు నున్నగా తల దువ్వుకుని, మూసి ఉన్న బడి తలుపు ముందు ఒక్కతే కూర్చుని ఉంది. కాస్త దూరంలో అయ్య నిలబడి, కొండ కిందనుంచి పంతులుగారు ఎక్కివచ్చే దోవకేసి చూస్తున్నాడు.