సిందూరం గుర్తున్న పాలు

దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉన్నప్పుడు మాకు పాలు పోసింది పక్కింటాయనే. నాలుగు బర్రెలు, మూడు క్యాన్లు, ఒక సైకిలు. డెబ్బైల్లో ఒక దీపావళికి ఆయన భార్య లక్ష్మీపూజ చేసి, క్యాన్లకు స్వస్తిక్ గుర్తు వేయబోయింది. నూనెలో కలిపిన సిందూరం ఒక్క క్యానుకే సరిపోయింది. జరిగింది అంతే.

మర్నాడు ఎదురింటి ముస్లిం పెద్దావిడ, గల్లీ అందరికీ ఖాలా, గిన్నె పట్టుకొచ్చి, "నిషాన్ ఉన్న దాంట్లకెల్లి పొయ్యి భాయ్, పిల్లలు తాగేటివి" అంది. దేవుడి గుర్తు పెట్టిన క్యానులో ఎవడైనా నీళ్లు కలుపుతాడా అన్నది ఆమె లెక్క. వారం తిరక్కుండానే గల్లీ మొత్తానికి స్వస్తిక్ అంటే చిక్కటి పాలు. లక్ష్మిని అందరూ మరిచిపోయారు.

ఈ సంగతి అందరికంటే చివర తెలిసింది నాకే. ఆలోపు మూడు రోజులు మాకు గుర్తులేని క్యాను పాలే పోశాడు. అది నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఏందన్నా, గోడకు గోడ ఉన్నోళ్లం. మాకు బోడి క్యాను పాలా?"

"మూడిట్ల అవే పాలు తమ్మీ."

"అయితే గుర్తున్న దాంట్లకెల్లే పొయ్యి."

"అది అయిపోయింది."

"మూడిట్ల అవే పాలైతే అదే ముందుగాల ఎందుకయిపోయింది?"

ఆయన క్యాన్లు సర్దుకుని సైకిలెక్కాడు. నేను నల్లా దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ ఈ అన్యాయం వినిపించాను. లొల్లి పడలేక ఆయన మూడు క్యాన్లకూ స్వస్తిక్ వేశాడు. దాంతో ఖాలా పెదవి విరిచింది. "అన్నిటికీ పెట్టిండంటే అన్నిట్ల కలుపుతున్నడన్నట్టే." రెండిళ్లవాళ్లు సీసా పాలకు మారిపోయారు.

ఆ సాయంత్రం ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చింది.

"లక్ష్మమ్మకు పెట్టుకున్న గుర్తు తమ్మీ అది. ఏడాదికొక్క పూజ నాది. నీ నోటి పుణ్యాన నీళ్ల పంచాయితీ అయింది."

"గుర్తున్న పాలు నాకు మూడు దినాలు పోయలేదక్కా!" అన్నాను. అది నిజమే కదా.

ఆమె ఇంటికెళ్లి బూడిద, కొబ్బరిపీచు పెట్టి మూడు క్యాన్లనూ తెల్లగా తోమేసింది. నెల తిరిగేసరికి వెళ్లిన రెండిళ్లూ వెనక్కి వచ్చాయి. నన్నెవరూ అభినందించలేదు.

మరుసటి దీపావళికి ఆమె క్యాన్ల జోలికి పోలేదు. బాగా ఆలోచించి, పాలు మానేసిన ముసలి బర్రె నొసట స్వస్తిక్ దిద్దింది. "ఇగ దీని పాలు అడుగుమను, ఎవరడుగుతరో చూస్త" అని గోడ అవతల నుంచి నాకు వినపడేలా అంది.

పాలు ఎవరూ అడగలేదు. కానీ గల్లీవాళ్లు కుడితి తెచ్చి ఆ బర్రెకే పెట్టడం మొదలుపెట్టారు. దాని ముఖం చూసి పరీక్షకు పోతే పాసవుతారని పిల్లల్లో పుకారు. అలా దాని పూజ అది చేయించుకుంటుంటే, ఆమె మొదటిసారి నవ్వుతూ కనిపించింది.

నేనూ పంతం మాని ఒక బకెట్ కుడితి తీసుకెళ్లాను. ఆమె అందులో చెయ్యి పెట్టి కలిపి చూసి, "నీళ్లెక్కువున్నయ్ తమ్మీ" అని అందరి ముందూ వెనక్కి పంపింది.