గోడ మీది గొంగడి

మా కులంలో ఏ ఆడపిల్లయినా మారుమనువు మాట ఎత్తితే పెద్దవాళ్లు మా అక్క కథ చెబుతారు. మొగుడు దేశాలు పట్టిపోయినా, ఒక ఫోటోలో వీపు చూసి గుర్తుపట్టిందనీ, ఆ గుర్తు మీదనే బతికిందనీ. మొన్న ఒక పెళ్లిలో మళ్లీ చెప్పారు. చెప్పినాయన నన్నే సాక్షిగా చూపించాడు. ఎదురుగా కూర్చున్న పిల్ల కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల కోసమే ఇది రాస్తున్నాను.

నిజాం ఏలుబడి చివరి ఏళ్ల మాట. మా ఊరు నల్లగొండ దగ్గరి పానగల్లుకు పక్కనే. గొర్లకు రోగం తగిలి సగం మంద పోయిన ఏడు, మా బావ ఒక మేస్త్రీ వెంట పడమటి సముద్రం వైపు మట్టిపనికి పోయాడు. మళ్లీ కబురు లేదు. మా కురుమల్లో మొగుడు ఏళ్ల తరబడి అయిపూ జాడా లేకపోతే కులపెద్దలు కూర్చుని ఆడమనిషిని విడిపిస్తారు. అప్పుడామె మారుమనువు పోవచ్చు. చౌటుప్పల్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. అక్క ఉన్ని వడుకుతూ, "పెద్దలు ఎట్లంటే గట్ల" అంది. ఆ మాట అన్నాక ఆమె చేతిలో కదురు ఇంకాస్త వేగంగా తిరిగింది. అది నేను చూశాను.

ఆ రోజుల్లోనే పానగల్లు గుళ్ల ఫోటోలు తీయడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. మా ఊళ్లో ఉర్దూ చదివినవాణ్ణి నేనే. ఆయన వెంట తిరిగాను. ఒక సాయంత్రం మా ఇంట్లో పాలు తాగి, తన పాత ప్రయాణాల ఫోటోలు మంచం మీద పరిచాడు. అన్నీ సముద్రం ఒడ్డున గోడలు కట్టుకున్న పట్నాలు. గోడ మొదట్లోనే అలలు విరుగుతున్నాయి. ఒకచోట కప్పులేని మేడలు, ఒకచోట ఇనుప ముళ్ల దర్వాజా.

మా నాయన తల్లి, అవ్వ, వంగి చూసింది. "నీళ్లకు గోడెందుకురా? ఎవడన్న ఎత్కపోతడా?"

"నీళ్లకు గాదవ్వా, పడవల మీద వచ్చే దొంగలకు" అన్నాను.

"మన దొంగలే నయం. దర్జాగ గుర్రాల మీద వస్తరు."

అందరం నవ్వాం. అక్క నవ్వలేదు. ఆమె చేతిలో ఒక ఫోటో ఉంది. గోడ మీద ఒక మనిషి, గొంగడిని కొప్పెరగా తల మీదికి మడిచి కప్పుకుని, మనకు వీపు చూపిస్తూ సముద్రం వైపు నిలబడ్డాడు.

"తమ్మీ, మీ బావది ఎడమచేతి వాటం. కొప్పెర గిట్లనే ఎడమకు మడుస్తడు. ఎప్పుడు తీసిండో అడుగు."

అడిగాను. "నేను కాలేజీలో ఉండగా తీసింది. పన్నెండేళ్లయింది. అక్కడి గొర్లకాపరులూ ఇట్లాగే కప్పుకుంటారు" అన్నాడాయన ఉర్దూలో. పన్నెండేళ్ల కింద బావ మా ఊళ్లోనే ఉన్నాడు.

"ఏమంటుండు?" అంది అక్క.

"పోయిన ఎండకాలం తీసిండట. తెలుగు మాట్లాడిండట ఆ మనిషి."

ఆమె ముఖం చూసి జాలిపడ్డానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. జాలి ఉంది. కానీ అంతకన్నా ముందే ఒక ఆలోచన ఉంది. అక్క పోతే మిగిలిన గొర్ల వెంట ఎవరు పోతారు, అవ్వకు ఎవరు వండుతారు? నాకు తాలూకా కచేరీలో నౌకరీ దొరికేట్టుంది. పెద్దమనిషి నన్ను చూసి, "ఆమెకేమైంది?" అన్నాడు. ఫోటో నచ్చిందన్నాను. సంతోషపడి ఇచ్చేశాడు.

కులపెద్దల ముందు అక్క ఆ ఫోటో పెట్టింది. వాళ్లు నా వైపు చూస్తే తల ఊపాను. చౌటుప్పల్ మనిషి దాన్ని చాలాసేపు చూశాడు. "బతికున్నోని భార్యను నేనెట్ల తీస్కపోత?" అని కర్ర అందుకుని లేచాడు. అక్క అతను పోయిన దారి వైపు చూడలేదు.

నాకు నౌకరీ వచ్చింది. గొర్ల వెంట అక్క పోయింది. వాన మొదలైతే, "గా గోడ మీద నీడ గూడ లేదు తమ్మీ, తడుస్తుంటడు" అనేది. కొత్త గొంగడి ఒకటి నేయించి దాచింది. నన్ను అక్కడికి తీసుకుపొమ్మంది. మొదట సెలవు లేదన్నాను. తర్వాత రజాకార్ల లొల్లి వచ్చింది, దారులు బాగాలేవన్నాను. ఆ ఒక్క మాట నిజం.

ఆ లొల్లిలోనే అక్క జ్వరమొచ్చి చనిపోయింది. ఆడవాళ్లు పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేతుల నిండా గాజులు తొడిగారు. "ముత్తైదువగ పోతుంది, అదృష్టమంతురాలు" అంది ఒకామె. అవ్వ ఆ ఫోటోను అక్క తల కింద పెట్టి నా వైపు తిరిగింది.

"బావకు కబురు పంపినవా, బిడ్డా?"

"పంపిన" అన్నాను.