గంగప్ప తాత సున్నం గీతలు

గంగప్ప తాతకు నమ్మకం కుదిరిన మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. దర్జీకి గుడ్డ ఇచ్చేముందు, మార్చేస్తాడేమోనని అంచులో ఒక ఎర్ర దారం కుట్టి ఇచ్చేవాడు. ఊరగాయ జాడీ మూత మీద సున్నంతో గీత గీసి, దాన్ని జాడీ మెడ దాకా లాగేవాడు. ఎవరైనా మూత తిప్పితే గీత రెండు ముక్కలవుతుంది, దొంగ దొరికిపోతాడు. దొరికిన దొంగ ప్రతిసారీ ఆయన భార్య అన్నపూర్ణమ్మే. ఆ ఊరగాయ పెట్టిందీ ఆమే.

ఆయన నమ్మింది ఒక్క తన పాత జీపును. నిమ్మనపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి గుంతల దారుల్లో మదనపల్లెకు టమోటా బుట్టలు తోలుతూ దానితోనే ఇరవై ఏళ్లు గడిపాడు. తొంభై ఆరులో ఆ జీపు చక్రాలకు బోల్టు కంతల చుట్టూ పగుళ్లు కనిపించాయి. అదే నెలలో కూతురు మాలతికి కుప్పం దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం సాయంత్రం అయిదు లోపల వెళ్లి చేరాలి. లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. బస్సులో పంపుదామని అన్నపూర్ణమ్మ అంటే తాత కళ్లెర్రజేశాడు. ఆ బస్సు తోలేవాడు ఎలాంటివాడో ఎవరికి తెలుసు?

గుర్రంకొండ దగ్గర ఒక రైతు కొట్టంలో మూలపడిన జీపు నుంచి నాలుగు చక్రాలు సంపాదించాడు. వాటిని పుంగనూరులో అబ్దుల్ గఫార్ షెడ్డులో బిగించాలి. గఫార్ వాటిని మార్చేస్తే? అందుకని ఒక చక్రానికి లోపలి పక్క, ఎవరి కంటా పడని చోట, ఆకుపచ్చ రంగు మూడు పూతలు దట్టంగా పూసి గుర్తు పెట్టుకున్నాడు. డబ్బాలో రంగు ఒక్క చక్రానికే సరిపోయింది. మిగతా మూడూ మార్చేస్తే ఏం చేస్తావని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

శుక్రవారం పొద్దునే షెడ్డుకు వెళ్లి, గఫార్‌కు ముందుగా ఒక పరీక్ష పెట్టాడు. ఆ కాలపు జీపులకు ఎడమ పక్క చక్రాల నట్లు అందరికీ అలవాటైన వైపు కాక తిరగేసి బిగుసుకుంటాయి. తెలియనివాడు విప్పబోయి ఇంకా బిగించి, బోల్టు విరగ్గొడతాడు. తాత ఆ మాట చెప్పకుండా చేతులు కట్టుకొని నిలబడ్డాడు. గఫార్ వంగి బోల్టు కొనలో మర ఎటు తిరిగి ఉందో చూసి, స్పానర్‌ను తిరగేసి తిప్పాడు.

"ఏమన్నా గంగప్పన్నా, చెప్పకుండా సూస్తాండావు? బోల్టు విరిగితే నన్ను తిట్టల్లనా?"

"లేదప్పా, నీకు తెలుసో తెల్దో అని."

"నాకు తెలుసో తెల్దో సూసేదానికి నీ బోల్టే దొరికిందా?"

పరీక్షలో గఫార్ నెగ్గడం తాతకు ఏమంత నచ్చలేదు. ఇంత తెలిసినవాడు మోసం కూడా అంతే తెలివిగా చేస్తాడు గదా.

గఫార్ ఒక్కో చక్రాన్నీ పడుకోబెట్టి వైరు బ్రష్షుతో లోపలి పక్క గీకసాగాడు.

"చక్రం బ్రేకు డ్రమ్ముకు ఆనే తావులో తుప్పూ ఉండగూడదు, రంగూ ఉండగూడదన్నా. ఇనుముకు ఇనుమే ఆనల్ల. నడిమధ్య రంగుంటే బండి పోతాపోతా అది నలిగిపోతాది. నట్టు వదులైతాది."

ఆ మాట వినగానే తాత వెళ్లి రంగు చక్రం మీద కూర్చున్నాడు. రంగు గీకితే గుర్తు పోతుంది, గుర్తు పోతే చక్రం పోతుంది. వీడు కావాలనే గీకుతానంటున్నాడా? మూడు చక్రాలూ ఎక్కేదాకా ఆయన ఆ చోటు వదల్లేదు. ఇంతలో జుమ్మా నమాజు వేళయింది. గఫార్ చేతులు కడుక్కొని మసీదుకు వెళ్లాడు. అతను సందు మలుపు తిరగడమే ఆలస్యం, తాత లేచి నాలుగో చక్రాన్ని ఎడమ వెనక పక్క తానే ఎక్కించి నట్లు తిప్పేశాడు.

గఫార్ తిరిగొచ్చి చూశాడు. "అంత తొందర ఏమొచ్చె? లోపల గీకినావా?"

"గీకినా, గీకినా."

గఫార్ నమ్మాడు. నట్ల ఏటవాలు మొన చక్రం వైపే ఉందో లేదో చూశాడు. ఒక నట్టు బిగించి, పక్కదాన్ని వదిలి ఎదుటిదాన్ని పట్టుకుంటూ అయిదింటినీ బిగించాడు. జాకీ దించి, చక్రం నేలకు ఆనాక ఇంకొక చుట్టు గట్టిగా లాగాడు.

"సోమవారం ఈ దావనే గదా కుప్పానికి పోయేది? ఈడ ఒక నిమిసం ఆగన్నా. చక్రం కొత్తగా ఎక్కించినాక కొంత దూరం తిరిగితే మళ్లా ఒగ తూరి బిగించల్ల."

మళ్లీ విప్పి చూస్తాడన్నమాట, అనుకున్నాడు తాత. ఇంటికొచ్చి, నట్లు ఎవరైనా కాజేస్తారేమోనని నాలుగు చక్రాలకూ ప్రతి నట్టు నుంచీ చక్రం మీదికి సున్నం గీత గీశాడు.

సోమవారం పొద్దున జీపు పుంగనూరు దాటుతుంటే గఫార్ షెడ్డు ముందు నిలబడి చెయ్యి ఊపాడు. తాత రోడ్డుకు అవతలి పక్క దుకాణం బోర్డును శ్రద్ధగా చదువుకుంటూ వెళ్లిపోయాడు.

పలమనేరు దాటాక వెనక నుంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. తాత బండి ఆపి దిగాడు. ఎడమ వెనక చక్రానికి అయిదు సున్నం గీతల్లో నాలుగు విరిగి ఉన్నాయి.

"సూడు మాలతీ! నట్లు తిప్పినారు! ఆ గఫారే... కాదు, మన పక్కింటి దేవేంద్ర. జీపు అమ్మమని అడిగితే నేను లేదంటి గదా!"

మాలతి జీపు చుట్టూ తిరిగి వచ్చింది. "నాయనా, తక్కిన మూడింటికీ గీతలు పెట్టినవి పెట్టినట్టే ఉండాయి. తిప్పేవాడు ఈ ఒక్క చక్రాన్నే యాల తిప్పుతాడు? ఇది ఎక్కించింది ఎవరు?"

తాతకు అనుమానించడానికి మనుషులు అయిపోవడం అదే మొదటిసారి.

"నేనే" అన్నాడు.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఎత్తి చక్రం ఊడదీశాడు. ఆకుపచ్చ రంగు నలిగి, పొడిపొడిగా డ్రమ్ముకు అంటుకొని ఉంది. ఇంకొంత దూరం పోయి ఉంటే చక్రం ఒక దారి, కూతురు ఒక దారి. బోల్టు కంతలన్నీ వేలు పెట్టి తడిమి చూశాడు. కంతలు సాగలేదు, బోల్టుల మరలు చెడలేదు. టూల్ బాక్సులోని పాత కత్తితో కూర్చొని, చక్రానికీ డ్రమ్ముకూ ఉన్న రంగంతా ఇనుము మెరిసేదాకా గీకాడు. గుర్తు మొత్తం పోయింది.

మళ్లీ బిగించాక మాలతి ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఈడే నిలబడు. ఒంటిగా పోయి సూసి వస్తా."

"ఎవుర్ని సూసేదానికి?"

"నా పనిని."

రెండు మైళ్లు పోయి వచ్చి, నట్లు పట్టి లాగి, అప్పుడు ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ప్రతి పది కిలోమీటర్లకూ బండి ఆపి దిగాడు. వి.కోట దాటాక మాలతికి ఓపిక పోయింది.

"ఇంగెన్ని తూర్లు నాయనా? అయిదుకు వాళ్లు రిజిస్టరు మూసేస్తారు!"

"మూసేస్తే తెరిపిస్తాలేమ్మే. చక్రం పోతే ఎవురు తెచ్చిస్తారు?"

బడి గేటు దగ్గర ఆగినప్పుడు నాలుగుంబావు దాటింది. మాలతి పరుగెత్తుకెళ్లి సంతకం చేసి, వెనక్కి వచ్చి చూస్తే తాత జీపు కింద దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి.

మరునాడు తిరుగుదారిలో ఆయన తనంతట తానే గఫార్ షెడ్డు ముందు బండి ఆపాడు. గఫార్ స్పానర్ తీసుకొని వచ్చి, చక్రం మీద అతుకులు అతుకులుగా ఉన్న సున్నాన్ని చూశాడు. చక్రం అంచున ఇరుక్కొని ఉండి కాలి దగ్గర రాలిన ఆకుపచ్చ రంగు పెచ్చును వంగి తీసి, తాత చేతిలో పెట్టాడు.

"గీకినా అన్నావు?"

"గీకినా" అన్నాడు తాత. "నిన్న."

గఫార్ వంగి బిగించడం మొదలుపెట్టాడు. అతని చేయి ఎటు తిరుగుతోందో చూడకుండా, తాత పక్క అంగడికి వెళ్లి ఇద్దరికీ టీ చెప్పాడు.

రెండు వేల అయిదులో జీపు అమ్మేదాకా ఆ సున్నం గీతలు అలాగే సాగాయి. ఇతరులు చేసిన పని మీద ఒక గీత, తన చేతులతో చేసిన పని మీద రెండు. ఊరగాయ జాడీ మీద మాత్రం మానేశాడు. అన్నపూర్ణమ్మ అప్పటికి మూత తిప్పాక అచ్చం అలాంటి గీతే మళ్లీ తానే గీయడం నేర్చుకుంది.