పన్నెండో నెంబరు కోటు

శృంగవరపుకోట బజారులో ధనలక్ష్మిని మంచి మనిషి అనేవాళ్ళున్నారు, గయ్యాళి అనేవాళ్ళున్నారు. ఆమె నవ్వగా చూడలేదని మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. లంగాలు, జాకెట్టు ముక్కలు, నైటీలు అమ్మే చిన్న కొట్టు ఆమెది. బేరమాడితే ఆడనిస్తుంది. వద్దని లేచిపోతే వెనక్కి పిలవదు. మధ్యాహ్నం తలుపు ఓరగా వేసుకుని, క్యారేజీలో తెచ్చుకున్న అన్నం గోడవైపు తిరిగి తింటుంది. ఎవరైనా చూస్తారని సిగ్గు కాదు. ఒక్కర్తీ తినేటప్పుడు వీధిలో నలుగురు కలిసి నడిచిపోవడం చూడలేకపోతుంది, అంతే.

ఆ కొట్టు మొదటినుంచీ అలా ఉండేది కాదు. ఆమె భర్త జగన్నాధం బతికుండగా అది ఎక్స్‌పోర్టు బట్టల కొట్టు. పరాయి దేశాలకని కుట్టి, కుట్టు వంకర పోయిందనో బొత్తాం రంగు మారిందనో పంపకుండా ఆపేసిన సరుకు మద్రాసు గోడౌన్లలో మూటలుగా దొరికేది. జగన్నాధం వెళ్ళి మూట కొనుక్కొచ్చేవాడు. కంపెనీ పేరు బయటపడకుండా మెడ దగ్గరి పట్టీని సగానికి కత్తిరించేస్తారు కాబట్టి వాటిమీద నెంబరొక్కటే మిగిలేది. ఆయన కొనే గోడౌనుకి వచ్చేదంతా అమెరికా సరుకు. ఆడవాళ్ళ బట్టలకి అక్కడ ఆరు, ఎనిమిది, పది అని నెంబర్లుంటాయి. ఆ నెంబర్లు ఆయనకి ఎంతగా ఒంటబట్టాయంటే, వీధిలో పోయే మనుషులకి కూడా అవే పేర్లు పెట్టేవాడు.

"అదుగో, పద్నాలుగో నెంబరు వస్తంది. నిన్న తీసికెల్లిన స్వెట్టరు మార్చమంటాది సూడు" అనేవాడు భార్యతో. ధనలక్ష్మిని మాత్రం "ఎనిమిదో నెంబరూ" అని నోరారా పిలిచేవాడు. పిల్లలు లేని ఇల్లు. ముద్దుపేరు పెట్టి పిలుచుకోవడానికి ఆయనకి ఇంకెవరున్నారు కనక.

కార్తీకం వచ్చిందంటే కోట ఊళ్ళో కొండగాలి తగులుతుంది. మూట విప్పగానే ముందు ఎనిమిదో నెంబరు స్వెట్టరొకటి ఏరి, గిరాకీల కంట పడకుండా పక్కన పెట్టేవాడు. "ఈ సలికాలం నిన్ను అరకు తీసుకెల్తాను. పొద్దున్నే కిరండోలు బండెక్కితే మజ్జేన్నానికి అక్కడుంటాం" అనేవాడు. ఏటా అనేవాడు. ఆ రైలు రోజూ వాళ్ళ ఊరి స్టేషన్లో ఆగి కొండెక్కిపోయేది, వాళ్ళిద్దరూ మాత్రం ఎక్కలేదు. పండగల ముందు కొట్టు కట్టేస్తే గిరాకీ పోతుందని ఆయన, పోనీ వచ్చే ఏడు చూద్దాంలే అని ఆవిడ. వాళ్ళ షికారల్లా పైడితల్లమ్మ జాతరే. మోపెడు మీద ఆయన వెనకాల పక్కకి తిరిగి కూర్చుని, కుడిచెయ్యి ఆయన నడుం చుట్టూ వేసుకుని విజయనగరం పోయేది.

రెండువేల పదకొండు కార్తీకంలో జగన్నాధం మద్రాసు నుంచి వస్తూ విజయనగరంలో దిగాడు. స్టేషను బయట మరిడమ్మ టిఫిను బడ్డీలో కూర్చుని మినపరొట్టె తింటుండగా గుండెనొప్పి వచ్చింది. మరిడమ్మే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ధనలక్ష్మి బస్సు దిగేసరికి అంతా అయిపోయింది.

ఈ మరిడమ్మ మొగుడు లేని మనిషి, భారీ మనిషి. పిండి రుబ్బి రుబ్బి తేలిన భుజాలు. ఆ ఊళ్ళో దిగినప్పుడల్లా జగన్నాధం ఆమె దగ్గరే తిని, ఇంటికొచ్చి ఆ రొట్టెని మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు ధనలక్ష్మికి ఏనాడూ గొంతు దిగలేదు. ఏ పెళ్ళానికి దిగుతుంది?

మూడోరోజున మరిడమ్మ, ఆయన చేతిసంచి పట్టుకుని కోట వచ్చింది. గుమ్మంలోనే నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, "అంత నొప్పిలోనూ ఈ సంచి ఒదల్నేదు తల్లీ. మరిడమ్మా, అందులో కోటు నలిగిపోతాది, జాగర్త అన్నాడు" అంది.

ధనలక్ష్మి సంచి విప్పింది. కాగితంలో చుట్టిన కోటు. నేరేడుపండు రంగు, దళసరి ఉన్ని, లోపల పట్టులాంటి గుడ్డ. అంత మంచి కోటు ఆ కొట్టుకి ఎప్పుడూ రాలేదు. అలవాటు కొద్దీ మెడ దగ్గర చూసింది. పన్నెండు.

ఇరవయ్యేళ్ళు ఎనిమిదో నెంబరూ అని పిలిచిన మనిషి పెళ్ళాం ఒంటి కొలత మర్చిపోడు. మర్చిపోడు కాబట్టి ఈ కోటు పెళ్ళానికి కాదు. ధనలక్ష్మి తలెత్తి మరిడమ్మ భుజాలకేసి చూసింది. కోటు సంగతి ఈవిడకెందుకు చెప్పాడు? ఆయన ఇంటికి రాకుండా ముందు ఆ బడ్డీలో ఎందుకు ఆగాడు? అడగాల్సిన రెండు మాటలూ అడగలేదు. "ఇచ్చేసినావు కదా, ఎల్లు" అంది. దుఃఖంలో ఉందనుకుని మరిడమ్మ వెళ్ళిపోయింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ధనలక్ష్మి ఆ భూతాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, పక్కనే మంచం వేసుకుని పడుకుంది. ఎక్స్‌పోర్టు సరుకు మొహం మళ్ళీ చూడనంది. ఆయన చొక్కాలన్నీ పదోరోజున చాకలికి ఇచ్చేసింది, ఒక్కటైనా దాచుకోలేదు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. తద్దినం రోజున పోయినవాళ్ళ పటం ముందు కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. ధనలక్ష్మి ఏటా బ్రాహ్మడికి స్వయంపాకం ఇచ్చేది గానీ, పటం ముందు ఒక్కనాడూ చొక్కాగుడ్డ పెట్టలేదు. ఆయనకి బట్టలు పెట్టే మనిషి వేరే ఉందిలే అనుకునేది. మొగుడు పోయినా కంట తడి పెట్టలేదు, గట్టి గుండె అన్నారు ఊళ్ళోవాళ్ళు. గట్టీ కాదు, పాడూ కాదు. ఏడవాలంటే ఆయన తనవాడని నమ్మకం ఉండాలి. అది లేక, ఏడుపు కూడా లేకుండా, అయిదేళ్ళు ఒంటరిగా ఉండిపోయింది.

రెండువేల పదహారులో ఆమె పెరటి గదిలోకి దీపిక అనే పిల్ల అద్దెకొచ్చింది. హైస్కూల్లో టీచరు, బొద్దుగా ఉంటుంది, మాట గలగలా. కార్తీక మాసంలో ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, రేపు మా టీచర్లందరం అరకు ఎల్తన్నాం. నీ దగ్గర స్వెట్టరేటైనా ఉంటే ఇస్తావా? మల్లీ ఉతికిచ్చేస్తాను."

అరకు అనగానే ధనలక్ష్మి తలెత్తింది. ఆ పిల్ల భుజాలకేసి చూసింది. అచ్చంగా పన్నెండో నెంబరు. సరే, పీడా పోతుంది అనుకుని, పెట్టె తాళం తీసి కోటు తెచ్చి పడేసింది.

"తీసుకో. మల్లీ తేవక్కర్లేదు. ఉంచీసుకో."

దీపిక కోటు తొడుక్కుంది. తొడుక్కోవడానికి తంటాలు పడింది అనాలి. చేతులు మోచేతుల దగ్గర బిగుసుకున్నాయి. బొత్తాలకీ కాజాలకీ మధ్య జానెడు ఎడం.

"సాలదు పిన్నీ."

"సాలకపోడమేటి? నువ్వు పన్నెండో నెంబరువి. నా కళ్ళు ఎప్పుడూ తప్పవు."

"నువ్వన్నది నిజమే, నాది పన్నెండే. మరిదేటి ఇలాగుంది?" దీపిక కోటు విప్పి, తిరగేసి, లోపలి పక్క కుట్టులో ఉన్న చిన్న గుడ్డచీటీ చదివింది. ఎలా ఉతకాలో రాసిన చీటీ. కత్తిరించినవాళ్ళు దాన్ని వదిలేశారు. "ఇదా సంగతి. లండను కంపెనీది. ఇంగ్లండు కొలత పిన్నీ ఇది."

"కొలతల్లో ఇంగ్లండేటి, అమెరికా ఏటి?"

"తేడా ఉంటాది. మొన్న ఆన్‌లైన్లో పేంటు తెప్పించుకుని నానూ ఇలాగే బోల్తా పడ్డాను. అమెరికా వాల్లది పన్నెండు నాకు సరిపోతాది. అదే ఇంగ్లండు వాల్లదైతే పదహారు కొనుక్కోవాల. ఒళ్ళు అదే, నెంబరు నాలుగు ఎక్కువ వేస్తారు. మగోల్లకి ఈ గొడవ లేదు. సొక్కాలకి అక్కడా ఇక్కడా అంగుళాలే."

ధనలక్ష్మి కోటు చేతిలోకి తీసుకుంది. "అయితే ఈ పన్నెండు..."

"అమెరికా లెక్కలో ఎనిమిది."

ఆ మాటని దీపిక ఏమీ ఎరగకుండా అంది. పక్కింట్లో శాలువా ఉందేమో అడుగుతానంటూ వెళ్ళిపోయింది. ధనలక్ష్మి అలమర అడుగునుంచి పాత ఎనిమిదో నెంబరు స్వెట్టరు లాగి, మంచం మీద పరిచిన కోటు మీద పెట్టింది. భుజానికి భుజం, చేతికి చెయ్యి, చంకకి చంక సరిపోయాయి. ఎక్కడా వేలెడు తేడా లేదు. దాన్ని తీసేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ సరిపోయాయి.

కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. అయిదేళ్ళలో చిక్కిపోయిన ఒంటికి అది కాస్త వదులైంది. కొన్ననాడైతే కుట్టించినట్టు ఉండేది. స్వెట్టరుకి లొంగని చలి కోటలో ఉండదు. అంత దళసరి కోటు ఆయన ఎక్కడికని కొన్నాడో అప్పుడు అర్థమైంది. ఆమె మంచం మీద కూలబడి ఏడ్చింది. ఆపడానికి ఎవరూ లేరు కాబట్టి చాలాసేపు ఏడ్చింది. పోయినందుకు కాదు, పోయాక కూడా ఆయన్ని ఇంట్లోకి రానివ్వనందుకు.

మర్నాడు కొట్టు తియ్యకుండా విజయనగరం బస్సెక్కింది. మరిడమ్మ బడ్డీ అక్కడే ఉంది. జుట్టు నెరిసింది గానీ మరిడమ్మ కూడా అలాగే ఉంది. చూడగానే గుర్తుపట్టి, బల్ల తుడిచి, "జగన్నాదం బావు ఇంటావిడవి కాదేటి? కూకో తల్లీ. ఎంతలా సిక్కిపోనావు" అని అడక్కుండానే రొట్టె తెచ్చి పెట్టింది.

ధనలక్ష్మి చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నిన్ను ఇలా అనుకున్నానని ఆడదానితో ఆడది ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? రొట్టె తుంపుతూ ఒక్క ముక్క మాత్రం అడగగలిగింది. "ఆ రోజు కోటు ఎవరికని సెప్పినాడా?"

"ఎవరికేటి, నీకే. ఈ ఏడు అరకు తప్పదు మరిడమ్మా, కోటు కూడా కొనేసినానని మురిసిపోనాడు. ఎనిమిదో నెంబరు దీని పట్టీ సూసి కంగారుపడతాది, కాసేపు ఏడిపించి అప్పుడు సెప్తానన్నాడు. ఆ నెంబర్ల గొడవ నాకేటి తెలుస్తాది?" మరిడమ్మ పెనం వైపు తిరిగింది. "ఆ రోజే సెప్పీదాన్ని. నువ్వు కూకోమన్నేదు కదా."

రొట్టె నిజంగానే బాగుంది. ధనలక్ష్మి ముక్క వదలకుండా తింది. మళ్ళీ వస్తానని చెప్పి లేచింది.

తద్దినం దగ్గర పడుతోంది. గంటస్తంభం దగ్గర మగవాళ్ళ బట్టల కొట్టు కనబడితే లోపలికెళ్ళి, ఒక మంచి చొక్కా చూపించమంది.

"ఏ సైజమ్మా?" అన్నాడు కొట్టతను.

ధనలక్ష్మి నోరు తెరిచింది. ఆయన నెంబరు తెలీదు. దీపిక పన్నెండు. మరిడమ్మ పద్దెనిమిదో ఇరవయ్యో, అనుమానంలో పడి ఆనాడు అది కూడా చూసుకోలేదు. కోటలో సగం మంది ఆడవాళ్ళ నెంబర్లు ఆమెకి ఇప్పటికీ నోటికి వచ్చు. ఇరవయ్యేళ్ళు ఆ మనిషి చొక్కాలు ఉతికింది, ఆరేసింది, మడత పెట్టింది. మెడపట్టీ మీద ఏముందో ఒక్కసారీ చూడలేదు. చూద్దామంటే ఇంట్లో ఒక్క చొక్కా కూడా లేదు.

"మీ ఆయనకేనా అమ్మా?"

"అవును."

"అయితే ఒక్క ఫోను కొట్టి అడిగీయండి. సెప్తారు."

ఆమె గుమ్మం పక్కన చొక్కా తొడిగి నిలబెట్టిన మగబొమ్మ దగ్గరికి వెళ్ళింది. దాని వెనక్కి వెళ్ళి, పక్కకి తిరిగి, కుడిచెయ్యి దాని నడుం చుట్టూ వేసింది. మోపెడు మీద ఆమె వేళ్ళు సరిగ్గా ఆయన బొత్తాల దాకా వచ్చేవి. ఇక్కడ బొత్తాలు దాటి అవతలికి పోయాయి.

"ఆయన ఇంకా లావు" అంది.

కొట్టతను దాటిన వేళ్ళు చూసి మనసులో లెక్క కట్టుకుని, పై అరలో చొక్కాలు తియ్యడానికి బల్ల ఎక్కాడు. అతను దిగి వచ్చేదాకా ధనలక్ష్మి చెయ్యి తియ్యలేదు.