నంద్యాల కంటి శిబిరంలో నేను చెప్పిన మాట

నలభై ఏళ్ళు దాటాయి. ఇన్నేళ్ళుగా ఒక మనిషి పేరు వినిపిస్తే చాలు, నాకు గుండె మీద బండ పెట్టినట్టుంటుంది. ఆ బండ పెట్టుకుంది నేనే. దించే అవకాశం ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చింది. దించలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళు నన్ను మంచివాడంటారు. వాళ్ళకు చెప్పబోయినప్పుడల్లా నాలుక మడతపడింది.

మాది పాణ్యం. నాయన మిషన్ బడిలో పంతులు. ఆదివారం చర్చిలో అందరితో పాటు మోకరించి, పాపం చేశామని వందలసార్లు ఒప్పుకున్నాను. అది సులువు. అందులో ఊరి పేరుండదు, మనిషి పేరుండదు.

మనిషి పేరు నాగలింగాచారి. ఊరు ఆళ్ళగడ్డ. రాతిపని చేసే శిల్పి.

డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదివేవాణ్ణి. కాలేజీలో సేవాదళం ఉండేది. అందులో చేరింది సేవ మీద ప్రేమతో అనుకునేరు. సర్టిఫికెట్ ఇస్తారు, రేపు ఉద్యోగానికి పనికొస్తుందని ఎవరో చెబితే చేరాను. ఆ చలికాలం ఊళ్ళోని ఒక బడిలో కంటి శిబిరం పెట్టారు. బెంచీలు బయట వేసి, గదుల్లో మంచాలు పరిచారు. కంట్లో శుక్లాలు తీయించుకోవడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి ముసలివాళ్ళు బండ్లలో, బస్సుల్లో వచ్చారు.

ఆ రోజుల్లో ఆ ఆపరేషన్ ఇప్పటిలా పది నిమిషాల పని కాదు. అయ్యాక రెండు కళ్ళకూ కట్టు కట్టేవాళ్ళు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవాళ్ళు. కదలకూడదు. గట్టిగా దగ్గకూడదు. లేవనే కూడదు. గంజి మేమే తాగించాలి, మూత్రానికి పాత్ర మేమే పెట్టాలి. మొదటిరోజు ముక్కుకు రుమాలు కట్టుకుని తిరిగాను. రెండోరోజు పారిపోదామనుకున్నాను.

తర్వాత మొదటి జట్టువాళ్ళకు కట్లు విప్పే రోజు వచ్చింది.

ఒక ముసలమ్మకు కట్టు విప్పారు. ఆమె తన చేతిని ముఖం ముందు పెట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది, తెరిచింది. అది తన చెయ్యేనా అని అనుమానం వచ్చినట్టు, రెండో చేత్తో పట్టుకుని చూసుకుంది. తర్వాత నా గొంతు విని ఇటు తిరిగి, "నాకు గంజి తాపింది నువ్వేనా నాయనా? ఇంత చిన్నపిల్లోడివా!" అంది.

నేను బయటికి వెళ్ళి గోడ చాటున నిలబడ్డాను. అప్పటిదాకా నాకు తెలిసిన అద్భుతాలన్నీ నాయన చదివి వినిపించినవే. ఇది నా కళ్ళ ముందు జరిగింది. ఇందులో నా చేతి గంజి కూడా ఉంది. ఆ రోజు నుంచి ఆ గదులు నాకు గుడిలాగా, చర్చిలాగా అనిపించాయి. చెప్పులు బయటే విడిచి వెళ్ళేవాణ్ణి.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసింది తెలియక చేసింది కాదు. ఆ పని ఎంత పెద్దదో తెలిశాకే చేశాను.

నాగలింగాచారి రెండో జట్టులో వచ్చాడు. అరవై దగ్గర వయసు. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది, ఎడమకన్ను కొంచెం నయం. కుడికంటికి ఆపరేషన్ చేసి, రెండింటికీ కట్టు కట్టాక కూడా ఎవరు వస్తున్నారో అడుగుల చప్పుడుతో పసిగట్టేవాడు. మా పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. ఊళ్ళతో పిలిచేవాడు. నన్ను 'పాణ్యమప్పా' అనేవాడు.

ఆపరేషన్ మరుసటిరోజు మధ్యాహ్నం. ఆ గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు, అందరికీ కట్లే. కాపలా నాది. ఆ పూట జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి శిబిరం చూడడానికి వస్తున్నాడు. ముందు వాకిట్లో కార్యకర్తలందరితో ఆయన ఫోటో దిగుతాడని, అది పేపర్లో వస్తుందని చెప్పుకున్నారు. గదిలో ఒకరు ఉండి తీరాలని డాక్టరు పొద్దున్నే చెప్పి ఉన్నాడు. ఐదు నిమిషాలే కదా అనుకున్నాను. అందరూ పడుకునే ఉన్నారు కదా అనుకున్నాను. వెళ్ళాను. జీపు ఆలస్యంగా వచ్చింది. ముప్పావు గంట ఎండలో నవ్వుతూ నిలబడ్డాను. తల దువ్వుకున్నట్టు కూడా గుర్తు.

తిరిగి వచ్చేసరికి నాగలింగాచారి గుమ్మం దగ్గర కింద పడి ఉన్నాడు. తలుపు చట్రానికి ముఖం తగిలింది. కట్టంతా నెత్తురు.

డాక్టరు పరుగున వచ్చాడు. కట్టు విప్పి చూసి, కొత్త గుడ్డ అదిమి పెట్టాడు. తర్వాత, "ఇక్కడ ఎవరున్నారు?" అన్నాడు.

"నేనే ఉన్నా సార్. వద్దని పట్టుకున్నా. వినలేదు. మొండిగా లేచినాడు."

ఆ మాట నా నోటి నుంచి ఎంత తొందరగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఆలోచించి అల్లిన అబద్ధం కాదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చింది? నాలో అంత సిద్ధంగా ఎప్పటి నుంచి ఉంది?

డాక్టరు ముసలాయన వైపు వంగి, "ఏం పెద్దాయనా, నిజమేనా?" అన్నాడు.

నేను ఊపిరి బిగబట్టాను. ఆయన ముఖం నా వైపు తిరిగింది. చూపు లేదు, అయినా చూసినట్టే ఉంది.

"నిజమే సామీ. నేనే లేసినా."

అంతే.

ఆ కంటికి చూపు రాలేదు. డాక్టరు కోపంతో గది మధ్యలో నిలబడి, మాట వినకపోతే ఏమవుతుందో ఆ ముసలాయన్ని చూసి తెలుసుకోమన్నాడు. ముప్పై మందీ కట్ల కింద నుంచి విన్నారు. తర్వాత జరిగిన శిబిరాల్లో కూడా 'ఆళ్ళగడ్డ మొండి ఆచారి కథ' చెప్పి రోగులను కదలకుండా పడుకోబెట్టేవాళ్ళు. ఒకసారి నేనే చెప్పాను. అవును, నా నోటితోనే.

ఇంటికి పంపిన రోగుల దగ్గరికి వెళ్ళి మందు వేసి రావాలని డాక్టరు అంటే, ఆళ్ళగడ్డ వైపు నేను వెళ్తానన్నాను. ఆయన ఎవరికైనా చెప్పాడేమో చూసుకోవాలన్న భయం. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కేవాణ్ణి. రోడ్డు పక్కన ఆయన కొట్టం. ఇద్దరు కొడుకులు ఉలులతో రాయి కొడుతుండేవాళ్ళు. ఆయన మిగిలిన ఒంటికంటితో గీతలు గీసి ఇచ్చేవాడు. నేను వెళ్తే, "పాణ్యమప్ప వచ్చినాడు, మజ్జిగ తేండి" అనేవాడు. ఎప్పుడూ మాట మారలేదు, గొంతు మారలేదు. కొన్ని వారాలకు నా భయం పోయింది. దాని చోట వచ్చింది ఏమిటో నాకు చాలాకాలం తెలియలేదు. ఆ మనిషి దగ్గర కూర్చుంటే చాలనిపించేది.

మరుసటి ఏడాది మళ్ళీ శిబిరం పెట్టారు. ఆయన ఎడమకంటికి కూడా శుక్లం ముదిరింది. తీస్తే చూపు తప్పక వస్తుందని డాక్టరు చెప్పి, తీసుకురమ్మని నన్ను పంపాడు.

ఇంటి వాకిట్లో ఆయన భార్య కాళమ్మ అడ్డం నిలబడింది.

"పంపేది లేదు. ఒక కన్ను మొండితనానికి పోగొట్టుకున్యాడు. ఆడికి పోతే మళ్ళా లేస్తాడు. ఈ కన్నూ పోతాది. నువ్వు పట్టుకున్యా ఇనలేదంట కదా. నువ్వే చెప్పు నాయనా, ఈయప్ప ఎవురి మాటన్నా ఇంటాడా?"

ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. నిజంగానే అడుగుతోంది. నా జవాబు కోసం ఆగింది.

నేను తల వంచుకున్నాను.

అది చాలింది ఆమెకు. లోపలికి వెళ్ళిపోయింది.

నాగలింగాచారి చేతికర్ర తీసుకుని నాతో బస్సు ఆగే చోటికి వచ్చాడు. సందు మలుపు తిరిగితే రోడ్డు. అక్కడ ఒక పని పూర్తికాని రాయి మీద కూర్చున్నాం. అప్పుడు అడిగాను. ఏడాదిగా అడగలేనిది.

"ఆ పొద్దు నువ్వే లేసినావని ఎందుకు చెప్పినావు తాతా?"

"లేసింది నేనే కదప్పా."

"నేను ఆడ లేను."

"తెలుసు. ఒంటేలికి పోవాల్సొచ్చింది. అందరూ నిద్రబోతాండారని మెల్లగా, పాణ్యమప్పా అని మూడుసార్లు పిల్చినా. మంచంలో పోసుకునేకి మనసు రాలా. లేసినా."

"మరి డాక్టరుకు చెప్పుండచ్చు గదా!"

ఆయన రాయి అంచును బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు.

"ఆడ ముప్పై మంది కండ్లకు గుడ్డ కట్టుకోని పండుకోనుండారు. అందరూ ఇంటాండారు. చూసుకునేటోడు లేడని నేనంటే, వాళ్ళు బెదరరా? ఎవురన్నా ఒకడు లేస్తే? ఇంకొకడు లేస్తే? నా కన్ను యాడోకాడికి పోయింది. వాళ్ళవన్నా ఉండనీ అనుకున్యా."

పడి, నెత్తురోడుతూ, నొప్పితో ఉన్న మనిషి ఆ క్షణంలో పక్క మంచాల గురించి ఆలోచించాడు. ఆ క్షణంలోనే, అదే గదిలో, నేను దేని గురించి ఆలోచించాను? సేవాదళం బిళ్ళ నా చొక్కాకే ఉంది.

"అవ్వకైనా నిజం చెప్పుండచ్చు" అన్నాను చివరికి.

"చెప్పినా. నమ్మలా. చదువుకున్న పిల్లోడు అబద్ధమాడతాడా అని నన్నే తిట్టింది." ఆయన గొంతులో కోపం లేదు. "ఇందాక నువ్వు ఒక్క మాట అనింటే పంపిచ్చేది."

"నన్ను క్షమించు తాతా" అన్నాను.

"నన్నెందుకు అడుగుతాండావ్? నాకు తెలిసిందే గదా. డాక్టరుకు చెప్పు. ఆమెకు చెప్పు. ఇల్లు ఆడనే ఉంది."

ఇల్లు అక్కడే ఉంది. ముప్పై అడుగులుంటుందేమో. లేచి నిలబడ్డాను. ఆయన కూడా లేచాడు, నాతో రావడానికి.

బస్సు వచ్చింది. ఎక్కాను.

కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆయన చేతికర్ర పట్టుకుని బస్సు చప్పుడు వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు.

ఏడాది తిరగకుండా ఆ ఎడమకన్ను కూడా చీకటైంది. శిబిరంలో పోయిన కన్ను నా పొరపాటు వల్ల పోయిందని చెప్పుకోవచ్చు. ఈ రెండో కన్ను? తెలిసి తెలిసి, పట్టపగలు, నోరు మూసుకుని నేను పోగొట్టిన కన్ను అది.

రెండేళ్ళు ఆళ్ళగడ్డ ముఖం చూడలేదు. ఆ తర్వాత, ఎనభైల మొదట్లో, పాణ్యం దగ్గరి పల్లెలో నాకు బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ఆ వారమే వెళ్ళాను. చిన్నకొడుకు ఒక అమ్మవారి విగ్రహం పూర్తిచేసి నాన్నకు చూపిస్తున్నాడు. చూపించడమంటే, ఆయన చేతికి అప్పగించడం. నాగలింగాచారి రెండు అరచేతులూ విగ్రహం మీద పెట్టాడు. నుదుటి నుంచి మొదలుపెట్టి కిందికి, నీళ్ళు జారినంత నెమ్మదిగా. కొట్టంలో ఉలుల చప్పుడు ఆగిపోయింది. పాదాల దగ్గర వేలు ఆగింది.

"ఎడమ బొటనవేలు కాడ బియ్యపు గింజంత ఎక్కువుంది."

కొడుకు వంగి చూసి ఏమీ లేదన్నాడు. నాకూ ఏమీ కనిపించలేదు. రాతిని తడిపి, పక్క వెలుతురులో పెట్టి మళ్ళీ చూశారు. ఉంది. రెండు కళ్ళున్న మేమిద్దరం చూడలేనిది.

"పాణ్యమప్పా, నువ్వూ తడిమి చూడు" అన్నాడు ఆయన. అడుగుల చప్పుడుతోనే కనిపెట్టాడు. నా వేళ్ళకు రాయి చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ చోట పెట్టి, మళ్ళీ పెట్టి, ఓపికగా నేర్పించాడు. చూపు తీసిన చేతిని అంత మెత్తగా పట్టుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన నన్ను క్షమించాడని మీకు అనిపిస్తుందేమో. నాకు అనిపించలేదు. ఆయన చెప్పాల్సింది చెప్పేశాడు. చేయాల్సింది నా దగ్గరే ఉండిపోయింది.

ప్రతి చలికాలం సెలవులన్నీ కంటి శిబిరాలకే ఇచ్చాను. కాపలా ఉన్న గది వదిలి ఒక్కసారి కూడా కదల్లేదు. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలికాను. దీన్ని చూసి నాకు శాలువలు కప్పారు. సేవ నన్ను మనిషిని చేసిందని వేదికల మీద చెప్పారు. అది అబద్ధం కూడా కాదు. అయితే ఆ మనిషి ఎవరి రెండు కళ్ళ మీద తయారయ్యాడో వాళ్ళకు తెలియదు.

ఎనభైలు ముగియకముందే నాగలింగాచారి పోయాడు. వెళ్ళాను. కాళమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

"సొంత మనిషి మాదిరి తిరిగినావు నాయనా. ఆయప్ప మొండితనమే ఆయప్పను గుడ్డోణ్ణి చేసింది."

చుట్టూ ఆయన కొడుకులు, కోడళ్ళు, ఊరివాళ్ళు. ఇంకెవరికి భయపడాలి? ఉద్యోగం పోదు, సర్టిఫికెట్ పోదు. ఆమె మనసు కష్టపెట్టకూడదని ఆగానని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆమె నా చేతులు వదిలేస్తుందేమోనని ఆగాను.

ఇప్పుడు ఆమె కూడా లేదు. ఆ డాక్టరూ లేడు. చెప్పాల్సిన ఇద్దరికీ చెప్పలేదు. మీకు చెప్పడం దానికి బదులు కాదని తెలుసు. అయినా రాస్తాను, ఆ రోజు డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబుగా.

నేను అక్కడ లేను సార్. ఆయన నన్ను మూడుసార్లు పిలిచాడు. నేను ఫోటోకి వెళ్ళాను.

రాశాను. నా చేతిరాత నేనే చదువుకున్నాను. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.