పందెం పొద్దున సంగటి ముద్ద

మొన్న ఆదివారం రాయచోటిలో, పరుగు పోటీలకని కడప బయలుదేరబోతున్న నా మనవరాలు ఇడ్లీ ముక్కను పళ్ళెంలో అటూ ఇటూ తోస్తూ కూర్చుంది. పోటీకి ఎన్ని గంటల ముందు ఏం తినాలో, ఎప్పుడెప్పుడు నీళ్ళు తాగాలో వాళ్ళ కోచ్ పంపిన పట్టీ ఫోనులో ఉంది, అది దానికి కంఠతా వచ్చు కూడా, అయినా భయంతో ముద్ద గొంతు దిగడం లేదు. ఆ ముఖం చూడగానే నేను ఆలూరు దగ్గర ఒక పల్లె బడిలో కొత్తగా డ్రిల్లు టీచరుగా చేరిన రోజులు కళ్ళముందుకొచ్చాయి.

నా ఈడువాళ్ళకు ఆ బడుల సంగతి చెప్పనక్కర్లేదు. మైదానమంటే రాళ్ళు ఏరేసిన బీడు, బూట్లంటే కొందరు అదృష్టవంతులకు ఉండేవి. ట్రైనింగులో మా పెద్దసారు నేర్పినదాన్నే నేను వేదంలా పట్టుకున్నాను: పందెం రోజు కడుపు ఖాళీగా ఉంటే ఒళ్ళు తేలికగా ఉంటుంది, గుప్పెడు గ్లూకోజు పొడి చాలు, నీళ్ళు తాగితే డొక్కలో పట్టేస్తుంది. మూడేళ్ళపాటు ప్రతి పోటీకీ నా పిల్లల్ని అలాగే పస్తుపెట్టి తీసుకెళ్ళాను. ఓడిపోయి వచ్చిన వాళ్ళకు గుండె ధైర్యం చాలలేదని తీర్పు చెప్పేదాన్ని కూడా.

నాలుగో ఏడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లి కూలికి పోయేది, తండ్రి లేడు. ఎనిమిది వందల మీటర్లు ఆ పిల్ల పరుగెత్తుతుంటే పక్క చేలల్లో పనిచేసేవాళ్ళు కూడా నిలబడి చూసేవారు. జిల్లా పోటీల్లో మొదటి ముగ్గురిలో వస్తే క్రీడల హాస్టల్లో సీటు వస్తుంది, చదువు సాగుతుంది, లేకపోతే తల్లి వెంట కూలికే. ఈ మాట నేనే ఆ పిల్లకు పదే పదే గుర్తుచేసేదాన్ని, ఉత్సాహం వస్తుందని. కర్నూలులో పోటీల పొద్దున ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. "కడుపులో ఏందో తిప్పుతాండాది మేడమ్" అంది. భయపడకు అని మందలించి, చేతిలో గ్లూకోజు పొడి పోసి పంపాను. మొదటి చుట్టు అందరికన్నా ముందుంది. రెండో చుట్టు సగంలో కాళ్ళు తడబడి, గీత పక్కన కుప్పకూలిపోయింది.

మర్నాడు తల్లి బడికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని తల వంచుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"శెనక్కాయ పీకనీకి పోయేటప్పుడు మేము కడుపు కాల్చుకోని పోతామా మేడమ్? పొద్దున్నే ఇంత సంగటి తినే పోతాము. పిల్లను పరిగెత్తల్ల అంటిరి, తిననియ్యకపోతిరి. బలము యాడ్నుంచి వస్తాది?"

ఆలూరు ఆసుపత్రిలో లేడీ డాక్టరును అడిగితే, ఆ తల్లి చెప్పిందే నిజమనీ, పరుగుకు మూడు గంటల ముందు తినాలనీ, నీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలనీ, ఖాళీ కడుపుతోనూ చేతులు వణుకుతాయనీ, అదంతా పిరికితనం కాదనీ చెప్పింది. ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనని తల్లి ముందే ఒప్పుకున్నాను. ఆ రోజుల్లో ఏ టీచరూ అలా ఒప్పుకునేది లేదు.

ఆ ఏడాదంతా ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. ఏం తింటే ఎంతసేపటికి ఒళ్ళు తేలికపడుతుందో, ఏది తింటే త్రేన్పులొస్తాయో ఒక నోటుబుక్కులో రాయించాను. నలుగురు చూస్తుంటే బెదురుతుందని, శనివారం సాయంత్రాలు పొలం నుంచి వచ్చే ఆడవాళ్ళను బతిమాలి మైదానం చుట్టూ నిలబెట్టి పరుగెత్తించాను. సీటు మాట మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి ఏడు పోటీలకు తల్లిని కూడా వెంట తీసుకెళ్ళాను. తెల్లవారి టిఫిను గిన్నె మూత తీస్తే జొన్న సంగటి, వేరుశనగ పచ్చడి. పిల్ల తల అడ్డంగా ఊపింది. తల్లి తినమనలేదు, గెలవమనీ అనలేదు. "మన నల్లమేక రెండు పిల్లల్ని ఈనిండాది. ఒకదానికి చెవులు శానా పొడుగు, నడుస్తాంటే కాళ్ళకు తగుల్తాండాయి" అంటూ ముద్ద చేసి అందించింది. పిల్ల నవ్వింది, ముద్ద అందుకుంది. మేకపిల్లల కబుర్లు అయ్యేసరికి గిన్నె సగం ఖాళీ అయింది. భయాన్ని తరమడానికి నేను ఏడాదిగా పన్నిన ఉపాయాలన్నీ ఆ తల్లి ముందు ఎందుకూ కొరగావని అప్పుడు తెలిసింది.

రెండో చుట్టులో నేను కళ్ళు మూసుకున్నాను. పక్కన తల్లి నా చెయ్యి పట్టుకుని, "చూడు మేడమ్, చూడు, పోతాండాది!" అని అరిచింది. కళ్ళు తెరిచేసరికి నా పిల్ల ఇద్దర్ని దాటుతోంది. రెండో స్థానంలో వచ్చింది. సీటు వచ్చింది, చదువు సాగింది. ఇప్పుడు ఎస్సై. ఆమె ఖాకీ బట్టల్లో మా ఇంటికొచ్చిన రోజున, పక్కింటివాళ్ళందర్నీ పిలిచి మరీ చూపించుకున్నాను. ఆ మొదటి కర్నూలు పోటీ తరవాత, రిటైరయ్యేదాకా నా చేతిమీదుగా ఒక్క పిల్ల కూడా ఆకలితో పరుగెత్తలేదు. నా ఉద్యోగంలో గట్టిగా చెప్పుకోగలిగిన గర్వం అదొక్కటే, నాకది చాలు.

ఈనాటి పిల్లలకు ఏ పూట ఏం తినాలో చెప్పేవాళ్ళకు కొదవ లేదు, చూసి సంతోషపడతాను. మైదానం కంచె అవతల నిలబడి పతకం పతకం అని కేకలేసే పెద్దల్ని చూస్తే మాత్రం, మేకపిల్లల కబుర్లు చెప్పే వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారా అనిపిస్తుంది. మొన్న మనవరాలి పక్కన కూర్చుని ఆ నల్లమేక సంగతే చెప్పాను, ఇడ్లీ అయిపోయింది. ఇంకొక దిగులూ ఉంది. ఆ మొదటి మూడేళ్ళ పిల్లలు ఇప్పుడు ఏ ఊళ్ళలో ఉన్నారో, తమ పిల్లలతో "మాకు పరుగు రాలేదు" అని చెప్పుకుంటున్నారేమో. వాళ్ళకు పరుగు వచ్చు. పందెం పొద్దున అన్నం పెట్టనిది నేను.